కాపీరైట్ ఒప్పందాన్ని రిజిస్టర్‌లోకి ఎక్కించే పద్ధతి

తిరుపతిలో అన్నమయ్య కీర్తనలకు కొత్త బాణీ కట్టి ఆడియో సంస్థకు ఇచ్చేవారు, శ్రీకాళహస్తిలో తాము గీసిన కలంకారీ బొమ్మను క్యాలెండర్లు అచ్చేసేవారికి ఇచ్చేవారు మాటమీదో రసీదు ముక్కమీదో సరిపెట్టుకోకూడదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతలో ఉండాలి, ఇచ్చేవారి సంతకం ఉండాలి. లైసెన్స్, అంటే హక్కు తమ దగ్గరే ఉంచుకుని వాడుకోనిచ్చే అనుమతి, కూడా రాతలోనే ఇవ్వాలి.

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పత్రం రిజిస్టర్ చేయించినంత మాత్రాన కాపీరైట్ రిజిస్టర్‌లో పేరు చేరదు. ఆ రిజిస్టర్ ఢిల్లీ ద్వారకాలోని కాపీరైట్ ఆఫీసుది. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు, ప్రయాణం అక్కర్లేదు. ఈ నమోదు తప్పనిసరి కాదు, చేయించకపోతే ఒప్పందం చెల్లకుండా పోదు. కానీ తగాదా కోర్టుకెక్కితే రిజిస్టర్‌లో ఉన్న వివరాన్ని, తప్పని రుజువయ్యేదాకా, నిజమేనన్న సాక్ష్యంగా తీసుకుంటారు. చేయించడమే మేలు.

అసలు పని ఒప్పందం రాయడంలోనే ఉంది. ఏ రచన, అందులో ఏ హక్కు, ఎన్నేళ్లు, ఏ ప్రాంతానికి, రాయల్టీ ఎంత అన్నవి విడివిడిగా రాయండి. కాలం రాయకపోతే చట్టం అయిదేళ్లే అనుకుంటుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. హక్కు తీసుకున్నవారు ఏడాదిలోగా దాన్ని వాడకపోతే, పత్రంలో వేరేగా రాసుకోనిపక్షంలో, ఆ బదిలీ రద్దయినట్టే. “సర్వహక్కులూ ఇచ్చాను” అన్న ఒక్క వాక్యం ఇద్దరికీ చేటే. కీర్తన సాహిత్యం ఎవరి సొత్తూ కాదు గనుక మీరు ఇవ్వగలిగేది బాణీ మాత్రమే; పత్రంలో అదే రాయాలి.

రచన (బాణీ, బొమ్మ, రికార్డు ఏదైనా) ఇంకా నమోదు కాకపోతే ఫారం 14 పెట్టాలి. అందులో హక్కులు ఎవరెవరికి ఎంతమేర ఉన్నాయో, ఇచ్చిన బదిలీలు, లైసెన్సులు ఏమిటో చూపే గడి ఉంటుంది. ఒప్పందం వివరం అక్కడే ఎక్కాలి. ఇంతకుముందే నమోదైన రచనైతే ఫారం 15తో మార్పు కోరాలి. ఒక్కో రచనకు ఒక్కో దరఖాస్తు. బాణీ సంగీత రచన, రికార్డు సౌండ్ రికార్డింగ్, కాబట్టి రెండూ వేరు.

ఫీజు: సాహిత్య, సంగీత, కళా రచనలకు నమోదుకు రూ.500, మార్పుకు రూ.200. సౌండ్ రికార్డింగ్‌కు నమోదు రూ.2000, మార్పు రూ.1000. బొమ్మ సరుకుల మీద వాడేదైతే నమోదు రూ.2000, మార్పు రూ.1000, నమోదుకు ట్రేడ్‌మార్క్ ఆఫీసు సర్టిఫికెట్ కూడా కావాలి.

దరఖాస్తుదారు కర్త (ఆ రచన చేసినవారు) కాకపోతే కర్త నుంచి అభ్యంతరం లేదన్న లేఖ, ఒప్పందం నకలు, ఏజెంటు ద్వారా అయితే అధికారపత్రం జతచేయండి. ఆ రచనలో హక్కు ఉన్నవారికి, ఉందని వాదించేవారికి దరఖాస్తుదారే నోటీసు ఇవ్వాలి. దీన్ని చాలామంది మరిచిపోతారు. తర్వాత అభ్యంతరాలు వచ్చేది వారినుంచే.

డైరీ నంబరు (దరఖాస్తుకు ఆఫీసు ఇచ్చే సంఖ్య) వచ్చాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. ఆపైన పరిశీలన. లోపాల లేఖ వస్తే చెప్పిన గడువులోగా జవాబివ్వండి. పేరు స్పెల్లింగు ఆధార్‌లో ఒకలా, ఒప్పందంలో ఒకలా ఉండడం, శీర్షిక తేడాపడడం వంటివి ఫైలును ఆపేస్తాయి.

హక్కు కొనేవారు డబ్బు కట్టే ముందే రిజిస్టర్ నకలు తెప్పించుకుని చూడాలి. ఫీజు కడితే ఎవరికైనా ఇస్తారు.