వానాకాలంలో కిటికీ మూసి ఎయిర్‌బ్రష్ పట్టేవాళ్లకు

పోయిన వారం మాతో పాటు ప్లాస్టిక్ విమానాల మోడల్స్ కట్టే ఇంజినీరింగ్ కుర్రాడొకడు తన గదిలోనే కళ్లు తిరిగి పడిపోయాడు. బయట వాన. కిటికీ మూసి, ఏసీ వేసుకుని, 1/48 సైజు ముస్టాంగ్ యుద్ధవిమానం మోడల్‌కి వెండి రంగు వేసే ముందు అడుగున వేసే నిగనిగలాడే నల్ల ల్యాకర్ (థిన్నర్ అనే ద్రావకంతో పల్చన చేసే ఘాటైన రంగు) ఎయిర్‌బ్రష్‌తో, అంటే గాలితో రంగును తుంపరగా చల్లే పెన్ను లాంటి పరికరంతో కొడుతున్నాడు. ముఖానికి ఎన్‌95 మాస్కు ఉంది. భోజనానికి పిలిస్తే పలక్కపోయేసరికి వాళ్లమ్మ తలుపు తోసుకుని వెళ్లింది. వాంతులయ్యాక తేరుకున్నాడు. ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంచి పంపారు. విన్నవాళ్లందరూ అడిగింది ఒకటే: మాస్కు పెట్టుకున్నాడుగా, మరి ఎందుకిలా?

ఆ ప్రశ్న అడిగినవాళ్ల కోసమే ఇది. బ్లేడుతో వేలు కోసుకోకండి, పిల్లలకు అందనివ్వకండి లాంటివి కిట్ పెట్టె మీదే ఉంటాయి. అవి నేను చెప్పను.

మాస్కు సంగతి

ఎన్‌95 ఆవిరిని ఆపదు. అది ఆపేది దుమ్మునీ, రంగు తుంపరనీ. థిన్నర్ ఆవిరి వాయువు. మీరు పీల్చే గాలి ఏ దారిన మాస్కు దాటుతుందో అదీ ఆ దారినే వస్తుంది. కరోనా తర్వాత ప్రతి ఇంట్లో ఈ మాస్కులు మిగిలిపోయాయి, ఇప్పుడు అవే కొంప ముంచుతున్నాయి. ముఖానికి ఏమీ లేకపోతే ఘాటు భరించలేక మధ్యలో లేచి బయటకు పోతాం. మాస్కు ఉందన్న ధైర్యంతో గంటలకొద్దీ కదలకుండా కూర్చుంటాం. నేను చూసినంతలో ఈ హాబీలో ఆరోగ్యం పాడు చేసుకున్నవాళ్లలో ఎక్కువమంది నిర్లక్ష్యంగా ఉండేవాళ్లు కాదు. సగం జాగ్రత్త తీసుకున్నవాళ్లు.

ముక్కును కూడా నమ్మకండి. కాసేపటికి అది వాసనకు అలవాటు పడిపోతుంది. ఘాటు తగ్గిందనిపిస్తే గదిలో ఆవిరి తగ్గిందని కాదు.

కావలసింది ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్‌లు (ద్రావకాల ఆవిరిని పట్టే డబ్బాలు) బిగించే రబ్బరు రెస్పిరేటర్ మాస్కు. అమెరికన్ ప్రమాణంలో ఆ కార్ట్రిడ్జ్ మీద నల్ల పట్టీ ఉంటుంది, యూరోపియన్ ప్రమాణంలో గోధుమ రంగు పట్టీ. దాని ముందు దుమ్ము ఫిల్టర్ కూడా ఉండాలి. గడ్డం ఉంటే అంచులు ముఖానికి అతుక్కోవు, పక్కల నుంచి ఆవిరి దూరుతుంది. గడ్డమో ల్యాకరో, ఏదో ఒకటి వదులుకోవాలి. పెట్టుకున్నాక కార్ట్రిడ్జ్‌లను అరచేతులతో మూసి గాలి లాగి చూడండి. మాస్కు ముఖానికి కరుచుకోవాలి. కరుచుకోకపోతే అది ఉన్నా లేనట్టే.

వాన, కిటికీ, ఏసీ

వానాకాలంలోనే ఇది ఎక్కువ కావడానికి కారణముంది. ల్యాకర్ ఆరేటప్పుడు ద్రావకం గబగబా ఆవిరై రంగు పొర చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ చల్లటి పొర మీద నీరు చేరి తెల్లగా పాలిపోతుంది. నెల రోజుల పని పాడవుతుందన్న టెన్షన్‌తో కిటికీ మూసేస్తారు, ఏసీ వేస్తారు. రంగు బాగానే వస్తుంది. కానీ మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, గదిలో ఉన్నదాన్నే చల్లబరిచి మళ్లీ మీ మీదకు వదులుతుంది.

పైగా ఇది ఒక్క సాయంత్రంతో అయిపోయే పని కాదు. మన హైదరాబాద్‌లో చాలామంది ఇష్టంగా కట్టేది 152 స్క్వాడ్రన్ వాడిన స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం. బ్రిటిష్ వైమానిక దళంలో హైదరాబాద్ పేరు పెట్టుకున్న స్క్వాడ్రన్ అది, చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. 1940లో ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని వార్మ్‌వెల్ నుంచి ఎగిరింది. తర్వాత బర్మా వెళ్లాక దాని మార్క్ 8 విమానాల మీద దూకుతున్న నల్ల చిరుతను గీశారు. ఆ చిరుత డీకాల్ (నీటిలో నానబెట్టి అతికించే బొమ్మ) అతికించే దాకా రావాలంటే ప్రైమర్, పొట్ట కింద ఒక రంగు, పైన కామఫ్లాజ్ రెండు రంగులు, వాటి మీద గ్లాసీ క్లియర్ (మెరిసే, రంగులేని పూత) పడాలి. డీకాల్స్ అయ్యాక మెరుపు లేని మ్యాట్ క్లియర్. అన్నీ ల్యాకర్‌తోనే చేస్తే అన్ని సార్లూ ఆ ఆవిరిలో కూర్చోవాలి.

కాబట్టి ముసురు పట్టిన రోజున ల్యాకర్ ముట్టుకోకండి. ఇంజిన్ కట్టండి, కాక్‌పిట్‌కు కుంచెతో వాలెహో లాంటి నీటి రంగులు వేయండి, అతుకులు రుద్దండి. తమియా కంపెనీ ఎక్స్, ఎక్స్‌ఎఫ్ రంగుల సీసాల మీద అక్రిలిక్ అని ఉంటుంది కదా, అవీ నీటి రంగులే అని మోసపోవద్దు. వాటిలో ఆల్కహాల్ ఉంటుంది. పైగా చాలామంది వాటిని ల్యాకర్ థిన్నర్‌తోనే పల్చన చేస్తారు.

నిప్పు

థిన్నర్లలో ఉండే ఎసిటోన్, టోలుయిన్ లాంటి ద్రావకాల ఆవిరి గాలి కంటే బరువు. పైకి లేవదు, నేల మీద పాకుతుంది. ఎసిటోన్ సున్నాకు 20 డిగ్రీల కింద కూడా అంటుకునేంత ఆవిరినిస్తుంది, టోలుయిన్‌కు 4 డిగ్రీలు చాలు. మన ఇళ్లలో అంత చలి ఎప్పుడూ ఉండదు. బల్ల మీద మీరు రంగు కొడుతుంటే మంచం కింద దోమల చుట్ట కాలుతూ ఉంటుంది. శ్రావణమాసం కాబట్టి పక్క గదిలో దీపం. దుమ్ము పడదని బాత్రూంలో రంగు కొట్టేవాళ్లున్నారు, అక్కడ గ్యాస్ గీజర్. వానకు రంగు ఆరడం లేదని హెయిర్ డ్రయర్ పట్టేవాళ్లు మరీ ఘోరం. ఎర్రగా కాలిన తీగను తెచ్చి ఆవిరిలో పెడుతున్నారు.

ఇక మిగిలినవి, ఒక వరుసంటూ లేకుండా:

ఎన్‌95 ఆవిరిని ఆపదు. రెండు ఎన్‌95లు ఒకదాని మీద ఒకటి పెట్టినా ఆపవు.

స్ప్రే బూత్ (రంగు కొట్టేటప్పుడు గాలిని లాగే ఫ్యాన్ పెట్టె) కొన్నారా? దాని గొట్టం కిటికీ బయట ఉండాలి. గొట్టం గదిలోనే వదిలితే బూత్‌లోని దూది ఫిల్టర్ కూడా ఎన్‌95 చేసే పనే చేస్తుంది. తుంపర ఆగుతుంది, ఆవిరి మీకే వస్తుంది.

బూత్ ఫ్యాన్ సీసా మూత తీయకముందే వేయండి. పని అయ్యాక కూడా కాసేపు తిరగనివ్వండి.

కార్ట్రిడ్జ్‌లను పని అవగానే జిప్ కవర్లో మూసిపెట్టండి. బయట వదిలితే వాడకపోయినా అరిగిపోతాయి, తేమకు ఇంకా త్వరగా. మాస్కు లోపల థిన్నర్ వాసన తగిలితే ఆ పూటే మార్చండి. ఖరీదని చూడకండి, ఒక పెద్ద కిట్ కంటే ఎక్కువేం కాదు.

ఇంట్లో గర్భిణి గానీ పసిబిడ్డ గానీ ఉంటే ల్యాకర్ వద్దు. మాస్కు మీ ఒక్కరికే ఉంది.

కార్లకు వేసే 2కె క్లియర్ (హార్డనర్ కలిపి వాడే రెండు భాగాల పూత) ఇంట్లో కొట్టొద్దు. దాని హార్డనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఒకసారి పడకుండా పోతే తర్వాత కాస్త తగిలినా ఆస్తమా వస్తుంది.

రెసిన్ విడిభాగాలను తడిపి రుద్దండి. పొడిగా రుద్దక తప్పకపోతే ఎన్‌95 పెట్టుకోండి. దుమ్ముకు అది పనికొస్తుంది. ఆవిరికి కాదు.

సూపర్ గ్లూ ఒలికితే దూదితోనో నూలు గుడ్డతోనో తుడవొద్దు. వేడెక్కి చెయ్యి కాలుతుంది.

థిన్నర్ మంచినీళ్ల సీసాలో పోయొద్దు. ఒక్కరోజుకైనా సరే.

తుడిచిన గుడ్డలు మూత ఉన్న రేకు డబ్బాలో, ఇంటి బయట.

తలుపు గడియ పెట్టొద్దు. రంగు కొడుతున్నానని ఇంట్లో ఎవరికైనా చెప్పి కూర్చోండి. ఒంటరిగా ఉన్న రాత్రి కొట్టనే వద్దు.

అక్టోబర్ 8, వైమానిక దళ దినోత్సవానికి పూర్తి చేయాలని సెప్టెంబర్ ముసురులో కూర్చోవద్దు. రంగు వేయని మోడల్‌ని చూపించినా పరువేం పోదు.

తలనొప్పి, తల తేలికైనట్టుండటం, ఊరికే నవ్వు రావడం, నోట్లో తీపి: ఇందులో ఏ ఒక్కటి వచ్చినా ఎయిర్‌బ్రష్ కడిగే దాకా కూడా ఆగొద్దు. లేచి బయటకు నడవండి.

ఎవరైనా పడిపోతే ముందు కిటికీలు, తలుపులు తెరవండి. గదిలో లైటు వేయొద్దు, ఆర్పొద్దు. మనిషిని బయటకు లాగి పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. థిన్నర్ మింగితే వాంతి చేయించొద్దు. సీసాను కూడా ఆసుపత్రికి తీసుకెళ్లండి, డాక్టర్ దాని లేబుల్ చూడాలి.