కొత్త రోలర్ కోస్టర్ ఎప్పుడు మొదలవుతుందో అంచనా వేయడం ఎలా?

చెన్నై చుట్టుపక్కల పార్కుల్లో కొత్త రైడ్ వస్తోందంటే హోర్డింగు మీద 'త్వరలో' అని ఉంటుంది, లేదంటే ఏదో ఒక నెల పేరు ఉంటుంది. దాన్ని పక్కన పెట్టి, పని ఏ దశలో ఉందో చూసి అక్కణ్నుంచి లెక్క కట్టండి.

ముందు కాగితాలు. పార్కు నడిపేది స్టాక్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీ అయితే, దాని బ్యాలెన్స్ షీట్‌లో 'క్యాపిటల్ వర్క్ ఇన్ ప్రోగ్రెస్' అనే పద్దు ఉంటుంది. పూర్తికాని పనుల మీద పెట్టిన ఖర్చంతా అందులోకి వస్తుంది. ఆ అంకె పెరుగుతుంటే పని నడుస్తున్నట్టే. అయితే డబ్బున్నా పని కదలని రోజులుంటాయి. తిరుప్పోరూర్ దగ్గరి వండర్‌లా పార్కు స్థానిక వినోద పన్ను సంగతి తేలక ఏళ్ల తరబడి ఆగింది. అది తేలాకే పని ఊపందుకుని, చివరికి 2025 డిసెంబరులో తెరుచుకుంది. ఇలాంటి చిక్కులు తీరకముందే నెలలు లెక్కపెట్టడం దండగ.

తర్వాత నేల చూడండి. ఎక్కువ కాలం తినేసేది ఇదే. గోతులు తవ్వాలి, ఇనుము కట్టాలి, కాంక్రీటు పోయాలి. కాంక్రీటు బలాన్ని లెక్కలోకి తీసుకునేది 28 రోజులకు. పైగా చెన్నైకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. గోతుల్లో నీళ్లు నిలిస్తే తోడటంతోనే సరిపోతుంది. సెప్టెంబరు చివరికి పునాదులు పైకి రాకపోతే నేనైతే ఇంకో రెండు నెలలు కలుపుకుంటాను.

ఇంట్లో కూర్చుని చూడాలంటే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. ఒకే చోటు దాదాపు 5 రోజులకోసారి కనిపిస్తుంది. 10 మీటర్ల కంటే చిన్నవి ఆనవు, మబ్బు పడితే ఏమీ కనపడదు. కానీ చదును చేసిన నేల మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. పార్కుకే వెళ్తే కాంక్రీటు దిమ్మల మీద నిటారుగా ఉన్న బోల్టులు వెతకండి. అవి ఖాళీగా ఉంటే స్తంభాలు ఇంకా ఎక్కలేదన్నమాట.

ట్రాక్ ముక్కలు ఫ్యాక్టరీలో తయారై వస్తాయి, ఇక్కడ క్రేన్‌తో ఎత్తి బిగించడమే. చకచకా లేస్తుంది. ఆ వేగం చూసి 'ఇంకేముంది, అయిపోయింది' అనుకోవద్దు. విదేశీ తయారీ అయితే ఓడ, కస్టమ్స్ ఆలస్యాలు కూడా చూసుకోవాలి.

చివరిది పరీక్షలు. మొదట ఖాళీ బండి తిరుగుతుంది. ఆ తర్వాత సీట్లలో మనుషుల బదులు నీళ్లు నింపిన ప్లాస్టిక్ బొమ్మలు కూర్చుంటాయి. బ్రేకులు, సెన్సర్లు సర్దుతూ మళ్లీ మళ్లీ తిప్పుతారు. రేపు మన పిల్లలు ఎక్కేది అందులోనే కదా, ఇక్కడ ఎంత ఆలస్యమైనా మంచిదే.

పెద్ద కోస్టర్‌కు నేను వేసుకునే లెక్క ఇది: గోతుల దశలో ఉంటే ఏడాది పైనే. దిమ్మలన్నీ పూర్తయితే ఆరు నుంచి తొమ్మిది నెలలు. ట్రాక్ చుట్టు కలిస్తే రెండు నుంచి నాలుగు. ఒకేచోట గిరగిరా తిరిగే చిన్న రైడ్‌కైతే ఇందులో సగం కూడా పట్టకపోవచ్చు.

నెల్లూరు, తిరుపతి నుంచి చుట్టాలు అడిగితే రెండు నెలల పేర్లు చెప్పి, వాటిలో తర్వాత వచ్చేదే ఖాయం చేసుకోమనండి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి, నీళ్ల బొమ్మలు తిరుగుతున్నాయని తెలిశాక టికెట్లు తీసుకున్నా ఆలస్యమేమీ కాదు.