టీబీ పేషెంట్ బరువు ఎలా చూడాలి, ఇంట్లో వాళ్ల తిండి ఎలా చూసుకోవాలి?

టీబీ అనగానే అందరి దృష్టీ మాత్రల మీదే ఉంటుంది. మింగారా లేదా, డోసు మిస్సయ్యిందా, కళ్లె పరీక్షలో ఏమొచ్చింది అని అడుగుతాం గానీ బరువెంత ఉన్నారు అని అడిగేది తక్కువ, అడిగినా మొదటిరోజు కార్డు మీద రాసేస్తాం, తర్వాత ఆ అంకె వైపు ఎవరూ చూడరు. 2023 ఆగస్టులో లాన్సెట్ జర్నల్లో వచ్చిన రేషన్స్ స్టడీ చూశాక ఈ పద్ధతి మార్చుకోవాల్సిందే అనిపిస్తుంది. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, పీహెచ్‌సీ స్టాఫ్, చిన్న క్లినిక్ డాక్టర్లు, ఇంట్లో పేషెంట్‌ని చూసుకునేవాళ్లు, అందరికీ పనికొచ్చేలా రాస్తున్నా.

ముందు ఆ స్టడీ సంగతి. డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ టీమ్ జార్ఖండ్‌లో 4 జిల్లాల్లో 2,800 మంది ఊపిరితిత్తుల టీబీ పేషెంట్లని, వాళ్ల ఇళ్లలో ఉండే 10,345 మందిని తీసుకున్నారు. పేషెంట్లందరికీ మందులతో పాటు నెలకి 10 కేజీల సరుకులు (బియ్యం, పప్పు, పాలపొడి, నూనె), విటమిన్ మాత్రలు ఇచ్చారు. తేడా అంతా కుటుంబాల దగ్గరే. కొన్ని ఏరియాల్లో ఇంట్లో మిగతావాళ్లకి కూడా మనిషికి నెలకి 5 కేజీల బియ్యం, కేజీన్నర పప్పు ఇచ్చారు, మిగతా ఏరియాల్లో ఇంట్లోవాళ్లు మామూలుగా తినేదే తిన్నారు. ఆ తిండి అందిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది, పరీక్షలో తేలిన ఊపిరితిత్తుల టీబీ అయితే 48 శాతం తగ్గింది. బియ్యం, పప్పుతో ఇంత తేడా అంటే మామూలు విషయం కాదు.

సరే, ఇక పని ఎలా మొదలుపెట్టాలో చూద్దాం.

1. బరువు, ఎత్తు సరిగ్గా తీయండి

మిషన్‌ని గచ్చు మీద పెట్టండి, చాప మీదో బొంత మీదో పెడితే తప్పు చూపిస్తుంది. సున్నా దగ్గర ఉందో లేదో చూసుకుని, చెప్పులు, స్వెట్టర్, జేబులో ఫోను తీయించి ఎక్కించండి. ప్రతిసారీ అదే మిషన్ అయితే మంచిది. ఎత్తు ఒక్కసారి తీస్తే చాలు, గోడకి మడమలు ఆనించి నిలబెట్టి టేపుతో.

తర్వాత ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి, బరువుని మీటర్లలో ఎత్తుతో ఒకసారి భాగించి, వచ్చినదాన్ని మళ్లీ అదే ఎత్తుతో భాగించండి, అదే బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె. 42 కేజీలు, 160 సెంటీమీటర్లు అనుకుందాం, 42ని 1.6తో రెండుసార్లు భాగిస్తే 16.4. పెద్దవాళ్లలో 18.5 కంటే తక్కువుంటే బరువు తక్కువున్నట్టు, 16 కంటే తక్కువంటే బాగా చిక్కిపోయినట్టు. ఆ స్టడీలో చేరినప్పుడు నూటికి 80 మందికి పైగా పేషెంట్లు 18.5 కిందే ఉన్నారు, దాదాపు సగం మంది 16 కింద.

2. వెంటనే ఆస్పత్రికి పంపాల్సినవాళ్లని పట్టుకోండి

ఈ విషయంలో తమిళనాడుని చూసి నేర్చుకోవాలి. 2022లో టీబీ చావులు తగ్గించడానికి అక్కడ ఒక ప్రోగ్రాం మొదలుపెట్టారు, టీబీ అని తేలగానే పెద్ద పరీక్షలేవీ లేకుండా ఐదే ఐదు చూస్తారు: బీఎంఐ, కాళ్ల వాపు, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారు, రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం, ఎవరి సాయం లేకుండా లేచి నిలబడగలరా లేదా. బీఎంఐ 14 గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్నా, 16 లోపు ఉండి కాళ్లు వాచినా, ఊపిరి 24 దాటినా, ఆక్సిజన్ 94 కంటే తగ్గినా, నిలబడలేకపోయినా ఇంటికి పంపకుండా అడ్మిట్ చేయించాలి. వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే పల్స్ ఆక్సీమీటర్ కోవిడ్ టైంలో కొన్నవి ఎక్కడో డ్రాయర్‌లో ఉంటాయి, బయటికి తీయండి.

ఇంకో ముఖ్యమైన మాట, ఎముకల గూడులా అయిపోయినవాళ్లకి జాలిపడి ఒకేసారి కడుపు పగిలేలా పెట్టకూడదు, ఒంట్లో లవణాలు తారుమారై ప్రాణం మీదికి రావచ్చు, అలాంటివాళ్లకి డాక్టర్ కళ్లముందే కొద్దికొద్దిగా పెంచాలి.

3. మాత్రల లెక్క బరువుని బట్టే

పెద్దవాళ్లకి రోజూ ఇచ్చే కాంబినేషన్ మాత్రలు 25 నుంచి 34 కేజీల వాళ్లకి 2, 35 నుంచి 49 వాళ్లకి 3, 50 నుంచి 64 వాళ్లకి 4. ట్రీట్‌మెంట్ మధ్యలో బరువు పెరిగి పై లెక్కలోకి వెళ్తే డోసు మార్చాలేమో డాక్టర్‌ని అడగాలి, మనంతట మనం మార్చకూడదు. బరువే తూచకపోతే ఈ ప్రశ్నే రాదు కదా.

4. పేషెంట్ ప్లేట్‌లో ఏముండాలి

టీబీ ఉన్నప్పుడు ప్రొటీన్ కేజీ బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా కావాలి, అంటే 42 కేజీల మనిషికి 50 నుంచి 63 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలలోనూ దాదాపు అంతే, 100 గ్రాముల పల్లీల్లో 25 దాకా, పప్పుల్లో 22, 23 దాకా. రెండు గుడ్లు, రెండు పూటలా గట్టిగా పప్పు, ఒక గ్లాసు పాలు, గుప్పెడు పల్లీలు, అన్నం, నూనె వేసిన కూర, ఇలా పెడితే చాలావరకు వచ్చేస్తుంది. డబ్బా పౌడర్లకి వందలకి వందలు తగలేసే బదులు ఆ డబ్బుతో గుడ్లు కొనండి.

ఇక్కడ మనకి అడ్డొచ్చేది పథ్యం. గుడ్డు వేడి చేస్తుంది, పెరుగు తింటే కఫం పడుతుంది, పల్లీలు పైత్యం అంటూ ఒక్కొక్కటీ తీసేసి చివరికి చారన్నం మీద పడేస్తారు. దగ్గే మనిషికి చారన్నం పెడితే బరువెలా పెరుగుతుంది? ఈ మాట పేషెంట్‌కి చెప్తే సరిపోదు, వంట చేసే అత్తగారికో అమ్మకో చెప్పాలి. ఆకలి లేదంటే రోజుకి ఐదారుసార్లు కొంచెం కొంచెం పెట్టండి. షుగర్ ఉంటే మాత్రం తిండి లెక్క డాక్టర్‌ని అడిగి చేసుకోవాలి, ప్రతి టీబీ పేషెంట్‌కీ షుగర్ టెస్ట్ ఎలాగూ చేయించాల్సిందే.

5. ఇంట్లో మిగతావాళ్లని వదిలేయకండి

స్టడీలో అసలు పాయింట్ ఇదే. ఒక్కరికి వచ్చిన సరుకులు ఇల్లంతా పంచుకుంటారు, అది సహజం, పిల్లలు చూస్తుంటే తల్లి ఒక్కతే గుడ్డు తింటుందా? కాబట్టి ఇంటికి వెళ్లినప్పుడు అందరి బరువూ తూచండి, రేషన్ బియ్యం వస్తుందా, పిల్లలు, గర్భిణులు ఉంటే అంగన్‌వాడీ నుంచి అందుతుందా అడగండి. నిక్షయ్ మిత్ర (టీబీ పేషెంట్లకి దాతలు తిండి సాయం చేసే పథకం) సరుకులు ఇప్పుడు కుటుంబానికి కూడా ఇవ్వొచ్చు, దాతల్ని ఒప్పించేటప్పుడు ఈ 39 శాతం లెక్క చెప్పండి.

పేషెంట్ తిండి ఖర్చుకి ప్రభుత్వం నిక్షయ్ పోషణ్ పథకం కింద నెలకి 500 రూపాయలు ఇచ్చేది 2024 నవంబర్ నుంచి 1,000 చేశారు. మొదటి 3,000 టీబీ అని తేలగానే, రెండో 3,000 ట్రీట్‌మెంట్ 84 రోజులయ్యాక ఖాతాలో పడాలి. పడలేదంటే ఎక్కువసార్లు గొడవ బ్యాంకు ఖాతా, ఆధార్ లింక్ దగ్గరే ఉంటుంది, మొదటివారంలోనే టీబీ సూపర్‌వైజర్‌తో కూర్చుని ఖాతా నంబర్ సరిచూస్కోండి.

ఇంట్లోవాళ్లలో దగ్గు, జ్వరం, బరువు తగ్గడం ఉన్నవాళ్లకి ముందు టీబీ పరీక్ష. లేదని తేలినవాళ్లకి టీబీ రాకుండా ఇచ్చే నివారణ మందుల గురించి డాక్టర్‌తో మాట్లాడాలి. తిండి ఉంది కదా అని ఈ మందులు మానేయొద్దు, రెండూ కావాలి.

6. రెండో నెల బరువు

ఆ స్టడీలో మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవాళ్లలో చావు ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. 42 కేజీల మనిషికి 5 శాతం అంటే 2 కేజీల 100 గ్రాములు. బరువు పెరగడం వల్లే బతికారా, రోగం తగ్గుతోంది కాబట్టి పెరిగారా అని వాదించుకోవచ్చు, కానీ ఫీల్డ్‌లో మనకి రెండిట్లో ఏదైనా ఒకటే, పెరగనివాళ్లని పట్టుకోవాలి.

అందుకే మొదటిరోజే కార్డు మీద పెన్సిల్‌తో టార్గెట్ రాసేయండి, 42 ఉంటే పక్కన 44.1. నెలకోసారి తూచండి. రెండో నెలకి అంత పెరగకపోయినా, అంతకంటే ముందే తగ్గుతున్నా, వరుసగా అడగండి: మాత్రలు నిజంగా మింగుతున్నారా, వాంతులవుతున్నాయా, కళ్లు పచ్చబడ్డాయా, తాగుడు ఉందా, షుగర్ కంట్రోల్‌లో ఉందా, ఇంట్లో బియ్యం ఉన్నాయా. కళ్లు పచ్చబడినా వాంతులు ఆగకపోయినా అదే రోజు డాక్టర్ దగ్గరికి పంపండి. మిగతావాళ్లకి కళ్లె మళ్లీ పరీక్షకి పంపి, మందు పనిచేయని టీబీ ఏమైనా ఉందేమో చూడమని డాక్టర్‌కి రాయండి.

కోర్సు అయిపోయాక కూడా 6, 12, 18, 24 నెలలకి పిలిచి చూడాలి, అప్పుడు కూడా లక్షణాలు అడిగి అదే మిషన్ ఎక్కించండి.