పిల్లలతో దూరదేశ విమాన ప్రయాణం: జెట్‌లాగ్‌తో వచ్చే మొదటి రోజును ఎలా గడపాలి?

విమానం దిగి, ఇమ్మిగ్రేషన్ వరుస దాటి, సామాను తీసుకుని బసకు చేరేసరికి ప్రయాణం అయిపోయిందనిపిస్తుంది. గోడ గడియారం ఉదయం తొమ్మిది చూపిస్తుంటుంది. బాబు ఒంటికి మాత్రం అది అర్ధరాత్రి. ఒంటికీ గడియారానికీ ఇలా పొంతన కుదరకపోవడమే జెట్‌లాగ్. నిలబడే తూగుతుంటాడు. లేపితే ఏడుస్తాడు. సరే పడుకోమంటే సాయంత్రం దాకా నిద్రపోయి, రాత్రి రెండింటికి లేచి ఆడుకుందాం రమ్మంటాడు. ఈ రోజును గట్టెక్కించేది ముందుగా వెలుతురు, ఆ తర్వాతే మన ఓపిక. ఏ వేళ వెలుతురులో తిరగాలో, ఏ వేళ నీడపట్టున ఉండాలో ఇంటి దగ్గరే లెక్క వేసుకుని బయల్దేరితే సగం అవస్థ తప్పుతుంది.

1. ముందు ఇక్కడికీ అక్కడికీ సమయంలో తేడా లెక్క వేయండి

మెదడులో, రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు కలుసుకునే చోటికి సరిగ్గా పైన, సుమారు 20,000 నాడీకణాల చిన్న గుంపు ఉంటుంది. ఒంటికి అదే పెద్ద గడియారం. నిద్ర, ఆకలి, ఒంటి వేడి దాని తాళానికే నడుస్తాయి. ఇలాంటి గడియారం కణాల లోపల ఎలా తిరుగుతుందో కనిపెట్టినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైఖేల్ రోస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. దాని మానాన దాన్ని వదిలేస్తే చాలామందిలో అది ఒక చుట్టు తిరగడానికి 24 గంటల కంటే కొన్ని నిమిషాలు ఎక్కువే తీసుకుంటుంది. అందుకే రోజును సాగదీయడం ఒంటికి తేలిక, కుదించడం కష్టం. పడమటికి వెళ్తే రోజు సాగుతుంది, తూర్పుకు వెళ్తే కుంచించుకుపోతుంది. మోటు లెక్కన తూర్పుకు వెళ్లినప్పుడు రోజుకు గంట, పడమటికి వెళ్లినప్పుడు గంటన్నర చొప్పున ఒళ్లు సర్దుకుంటుంది. అంటే తొమ్మిది గంటల తేడాకు తూర్పున తొమ్మిది రోజులు, పడమట ఆరు రోజులు. తేడా 12 గంటలకు అటూ ఇటూగా ఉంటే, విమానం ఏ దిక్కుకు ఎగిరినా, పడమటి ప్రయాణం కిందే లెక్కగట్టడం మేలు.

ఇప్పుడు ఒక కాగితం మీద ఇంకో సమయం రాసుకోండి. రోజూ మీరు నిద్రలేచే వేళకు రెండు, రెండున్నర గంటల ముందు ఒంటి వేడి బాగా తగ్గి ఉంటుంది. దాన్ని ఒంటికి నడిరాత్రి అనుకుందాం. ఉదయం ఆరున్నరకు లేచేవారికి అది దాదాపు తెల్లవారుజాము నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలు అక్కడి గడియారంలో ఎంత అవుతుందో చూడండి. తూర్పున తొమ్మిది గంటల తేడా అయితే మధ్యాహ్నం ఒంటిగంట. మొదటి రోజంతా ఈ అంకె చుట్టూనే తిరుగుతుంది కాబట్టి కాగితం దగ్గరే ఉంచుకోండి.

2. బయల్దేరే ముందు మూడు రోజులు

తూర్పుకైతే రోజుకు అరగంట చొప్పున ముందుగా పడుకుని ముందుగా లేవండి, పడమటికైతే ఆలస్యంగా. పిల్లలకు ఇంతకన్నా ఎక్కువ మార్చాలని చూడకండి. బయల్దేరే ముందే నిద్ర చెడితే దారంతా చిరాకు పడతారు. వెళ్లేది రెండు మూడు రోజుల కోసమే అయితే ఇవేవీ వద్దు, ఒంటిని ఇంటి సమయంలోనే ఉండనివ్వండి.

పాస్‌పోర్టుల గడువు చూసుకోండి. చాలా దేశాలు ఇంకా ఆరు నెలలు మిగిలి ఉండాలంటాయి. తల్లి గానీ తండ్రి గానీ ఒక్కరే పిల్లల్ని తీసుకెళ్తుంటే రెండోవారి అంగీకార పత్రం చేతిలో ఉండాలి. ఒళ్లో కూర్చోబెట్టుకునే వెసులుబాటు సాధారణంగా రెండేళ్లలోపు పిల్లలకే. యాత్ర మధ్యలో బిడ్డకు రెండేళ్లు నిండుతాయంటే తిరుగు ప్రయాణానికి వేరే సీటు కొనాల్సి వస్తుంది. ఊయల తొట్టి కావాలంటే టికెట్ తీసుకునేటప్పుడే అడగండి. అవి విమానానికి కొన్నే ఉంటాయి, బిడ్డ బరువుకూ పరిమితి ఉంటుంది.

3. చేతిసంచిలో ఏం పెట్టాలి

పెద్ద పెట్టె ఒక రోజు ఆలస్యంగా వస్తుందనుకుని సర్దండి. ప్రతి ఒక్కరికీ ఒక జత బట్టలు, చంటిబిడ్డకు రెండు జతలు, బిడ్డను ఎత్తుకునేవారికి మరో చొక్కా. మందులన్నీ, వాటి చీటీలతో సహా, చేతిసంచిలోనే ఉండాలి. ఇన్సులిన్ పెద్ద పెట్టెలో వేస్తే కింద సామానుగదిలో గడ్డకట్టే ప్రమాదం ఉంది. టైమ్ జోన్ మారినప్పుడు ఆ డోసులు ఏ వేళకు వేసుకోవాలో డాక్టరుతో ముందే రాయించుకోండి. పవర్ బ్యాంకు కూడా చేతిసంచిలోనే వెళ్లాలి. ద్రవాలకు 100 మిల్లీలీటర్ల నిబంధన చాలా చోట్ల ఉన్నా, దారిలో పసిబిడ్డకు కావలసిన పాలను సాధారణంగా అనుమతిస్తారు. తనిఖీ దగ్గర ముందే తీసి చూపిస్తే సరిపోతుంది.

4. విమానంలో

సీటులో కూర్చోగానే వాచీని చేరబోయే చోటి సమయానికి మార్చండి. అక్కడ రాత్రయితే కిటికీ మూసి, టీవీ, ఫోన్ తెరలు ఆపి, పిల్లలకు రాత్రి బట్టలు వేసి, రోజూ కప్పుకునే దుప్పటి కప్పండి. నిద్ర పట్టకపోయినా ఒళ్లు ఆనించి ఉంటే చాలు. అందరూ ఒకేసారి మేలుకుని ఉండటం పెద్ద పొరపాటు. పెద్దవాళ్లు ఇద్దరుంటే మూడేసి గంటల వంతులు వేసుకోండి. వంతు లేనివారు చెవుల్లో దూది పెట్టుకుని, కళ్లకు గంత కట్టుకుని, బిడ్డ ఏడ్చినా లేవకూడదు. దిగాక కనీసం ఒక్కరైనా తెలివిగా ఉండాలి కదా.

పిల్లలు నిద్రపోతారని జలుబు మందు పట్టించమని కొందరు సలహా ఇస్తారు. ఆ పని చేయకండి. మత్తుకు బదులు కొందరు పిల్లలు ఇంకా రెచ్చిపోతారు, ఊపిరికీ ప్రమాదమే. మెలటోనిన్ (నిద్రవేళను ఒంటికి తెలిపే హార్మోన్) మాత్రలైనా డాక్టరును అడగకుండా పిల్లలకు వద్దు.

విమానం లోపలి గాలి ఎడారి గాలంత పొడిగా, తేమ 10 నుంచి 20 శాతం మధ్యే ఉంటుంది. కాబట్టి కొంచెం కొంచెంగా తరచూ నీళ్లు తాగించండి. నేల దిగడానికి అరగంట ముందు కిందికి వాలడం మొదలవుతుంది. చెవి దిబ్బడ ఎక్కువ బాధపెట్టేది అప్పుడే. అప్పటికి చంటిబిడ్డను లేపి పాలు పట్టండి, పెద్ద పిల్లలకు గుక్కగుక్కగా ఏదైనా తాగించండి. మింగినప్పుడల్లా చెవి లోపలి గొట్టం తెరుచుకుని ఒత్తిడి సర్దుకుంటుంది. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు కొంత పెరుగుతుంది కాబట్టి పెద్దవాళ్లు, గర్భిణులు గంటకోసారి లేచి నడవాలి, కూర్చున్నచోటే పాదాలు పైకీ కిందికీ ఆడించాలి.

5. మొదటి పగలు

ఇక్కడ కాగితం తీయండి. ఒంటికి నడిరాత్రి దాటాక పడే వెలుతురు గడియారాన్ని ముందుకు జరుపుతుంది, అంటే తర్వాతి రోజు త్వరగా నిద్ర వస్తుంది. నడిరాత్రికి ముందు పడే వెలుతురు వెనక్కి నెడుతుంది. దిగగానే ఉదయపు ఎండలో తిప్పితే మంచిదని అందరూ చెప్పేది తూర్పున నాలుగైదు గంటల తేడా వరకే నిజం. తొమ్మిది గంటల తేడాతో తూర్పున దిగిన ఒకసారి మేమూ ఆ మాట నమ్మి పొద్దున్నే పిల్లల్ని ఎండలో పార్కుకు తీసుకెళ్లాం. ఒంటి లెక్కన అది నడిరాత్రికి ముందు పడిన వెలుతురు. సర్దుకోవాల్సిన గడియారాన్ని మేమే ఇంకా వెనక్కి నెట్టినట్టయింది. వాళ్లు తెల్లవారుజాము దాకా కన్ను మూయని రాత్రులు ఆ యాత్రలో చాలానే గడిచాయి.

కాబట్టి ఆ లెక్కలో ఒంటిగంట వరకు కిటికీ తెరలు వేసి లోపలే ఉండండి, బయటికి వెళ్లక తప్పకపోతే నల్లద్దాలు, టోపీ పెట్టండి. ఒంటిగంట దాటాక అందరూ ఆరుబయటకు వచ్చేయండి. మబ్బు పట్టి ఉన్నా పర్వాలేదు, ఇంటి దీపాల కంటే ఆ వెలుతురు చాలా ఎక్కువ. మరునాడు ఈ హద్దు పన్నెండుకు, ఆ మర్నాడు పదకొండుకు జరపండి. పడమటికి వెళ్లినవారి పని సులువు: మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా బయట తిరగడం, అక్కడి రాత్రి వేళ వరకు కళ్లు తెరిచి ఉండటం.

కునుకు మాటేమిటి? పసివాళ్లను ఆపకండి, ఆపినా ఆగరు. కానీ గంటన్నర దాటాక తెర తీసి మెల్లగా లేపండి. పెద్దవాళ్లు 20 నుంచి 30 నిమిషాలకు అలారం పెట్టుకుని, మధ్యాహ్నం మూడు గంటలలోపే కునుకు ముగించాలి. గాఢనిద్రలోకి జారాక లేస్తే తల దిమ్ముగా ఉంటుంది. కాఫీ, టీలు మధ్యాహ్నంతో ఆపేయండి. కెఫీన్‌లో సగం కరగడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది.

అన్నింటికన్నా గట్టిగా చెప్పాలనుకునేది ఒకటుంది. ఆ రోజు కారు నడపకండి. కళ్లు తెరిచే ఉన్నట్టు అనిపిస్తూనే కొన్ని క్షణాలు నిద్ర పట్టేస్తుంది, అది మనకు తెలియదు కూడా. వెనక సీట్లో పిల్లలున్నారు. ఎవరినైనా రమ్మనండి, లేదా కిరాయి వాహనం చూసుకోండి. ముఖ్యమైన పనులు, చూడాల్సిన చోట్లు, టికెట్ కొన్న కార్యక్రమాలు ఏవీ ఆ రోజు పెట్టుకోకండి.

6. మొదటి రాత్రి

స్నానం, కథ, దీపం తగ్గించడం: ఇంట్లో ఏ వరుసలో జరుగుతుందో అదే వరుసలో జరగాలి. అయినా రెండు మూడింటికి ఎవరో ఒకరు లేస్తారు. కోప్పడకండి, వాళ్ల ఒంటికి అది పట్టపగలు. కడుపుకూ వేరే గడియారం ఉంటుంది కాబట్టి ఆకలి నిజమైనదే. తేలికపాటి తిండి ఏదైనా సాయంత్రమే మంచం పక్కన పెట్టుకోండి. మసక వెలుతురులో తినిపించి, ఫోన్, టీవీ తెరలు ఏవీ ముట్టనివ్వకుండా, మెల్లగా మాట్లాడుతూ పక్కనే పడుకోండి. ఇక్కడా వంతులే: ఒకరు పిల్లలతో ఉంటే మరొకరు వేరే గదిలో నిద్రపోవాలి.

ప్రయాణమయ్యాక ఒక్క కాలే వాచి నొప్పి పెట్టినా, ఊపిరి ఆయాసంగా ఉన్నా దాన్ని బడలిక అనుకోకుండా వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లండి. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు ఇదే లెక్క తిరగేసి వేసుకోండి. బడి తెరిచే రోజుకు కనీసం రెండు రోజుల ముందే చేరేలా టికెట్ తీసుకోండి.