పొర లిపిడ్ ఎంజైమును ఎలా నడిపిస్తుందో పాలకూరలో పరీక్షించే విధానం

ఎండ తీవ్రమైనప్పుడు ఆకు తనను కాపాడుకోవడానికి వయోలాజాంథిన్ అనే వర్ణకాన్ని జియాజాంథిన్‌గా మార్చుకుంటుంది. ఆ పని చేసే డీ-ఎపాక్సిడేజ్ ఎంజైము, థైలకాయిడ్ పొర (హరితరేణువుల లోపల కాంతిని గ్రహించే పొర) లిపిడ్లలో దాదాపు సగం వాటా ఉన్న ఎంజీడీజీ (మోనోగెలాక్టోసిల్ డైఅసైల్‌గ్లిసరాల్) అనే గెలాక్టోలిపిడ్, అంటే చక్కెర తల ఉన్న కొవ్వు పదార్థం, తోడు లేనిదే సరిగా పనిచేయదు.

తాజా పాలకూర ఆకుల నుంచి చల్లని బఫర్‌లో (పీహెచ్‌ను స్థిరంగా ఉంచే ద్రావణంలో) థైలకాయిడ్లను వేరుచేసి, పీహెచ్ 7 వద్ద సోనికేట్ చేయండి (ధ్వని తరంగాలతో పగలగొట్టండి). ఆ పీహెచ్‌లో ఎంజైము పొరను అంటిపెట్టుకోదు కనుక, సెంట్రిఫ్యూజ్ చేశాక పైతేటలో దొరుకుతుంది.

క్యువెట్‌లో (కాంతి శోషణను కొలిచే చిన్న పారదర్శక పాత్రలో) పీహెచ్ 5.2 సిట్రేట్ బఫర్ తీసుకోండి. వయోలాజాంథిన్, ఎంజీడీజీ రెండింటినీ ముందే మిథనాల్‌లో కలిపి బఫర్‌లో వేయాలి; వర్ణకాన్ని ఒంటరిగా వేస్తే అది నీటిలో కరగక ముద్దకట్టి, కొలతను పాడుచేస్తుంది. తర్వాత ఎంజైమును, చివరగా ఆస్కార్బేట్‌ను (విటమిన్ సి రూపాన్ని) చేర్చండి. ఆస్కార్బేట్ పడగానే చర్య మొదలవుతుంది. 505 నానోమీటర్ల శోషణలోంచి 540 వద్ద విలువను తీసివేస్తూ, జియాజాంథిన్ ఏర్పడటాన్ని సూచించే పెరుగుదలను నమోదు చేయండి.

లిపిడ్ లేకుండా ఒకసారి, ఎంజీడీజీకి బదులు డీజీడీజీతో (తలలో రెండు చక్కెరలున్న గెలాక్టోలిపిడ్‌తో) మరొకసారి ఇదే కొలవండి. అసలు ఫలితం ఈ పోలికలోనే ఉంటుంది. తల చిన్నదైన ఎంజీడీజీ తలకిందుల షట్కోణ నిర్మాణాలుగా ఏర్పడి వర్ణకాన్ని ఎంజైముకు అందుబాటులోకి తెస్తుంది. ద్విపొరగా పరుచుకునే డీజీడీజీ ఆ పనిని అంతగా చేయలేదు. ఈ ఎంజైమును నిరోధించే డీటీటీ (డైథయోథ్రిటాల్) కలిపితే చర్య ఆగాలి. ఆగకపోతే మీరు కొలిచినది ఈ ఎంజైమును కాదు. అసంతృప్త కొవ్వు ఆమ్లాలు అధికంగా ఉన్న ఎంజీడీజీ గాలి తగిలితే త్వరగా ఆక్సీకరణం చెందుతుంది కనుక, నైట్రోజన్ నింపి చీకటిలో, ఫ్రీజర్‌లో ఉంచండి.