సంఖ్యల స్వభావం, ఐదో పాఠం: 3,35,50,336

పోయిన పాఠం చివర ‘ఇది ఎలాంటి సంఖ్య?’ అని ఇచ్చిన 20,96,128 చాలామందిని బోల్తా కొట్టించింది. జవాబుల్లో ఎక్కువ భాగం ‘పరిపూర్ణ సంఖ్య’ అనే వచ్చాయి, అంటే తనను వదిలేసి మిగతా కారణాంకాలన్నీ కూడితే మళ్ళీ తనే వచ్చే సంఖ్య (తననూ కలిపితే మొత్తం రెట్టింపు). కాదు. ఇవాళ్టి సంఖ్యను కాసేపు పక్కన పెట్టి ముందు దీని సంగతి తేల్చుకుందాం.

అందరూ 2తో పోయినంతవరకు భాగించారు. పదిసార్లు పోయింది, 2047 మిగిలింది. అంతవరకు సరే. 2047 అంటే 2¹¹ − 1. 11 ప్రధాన సంఖ్య కాబట్టి ఇదీ ప్రధాన సంఖ్యే అని రాసేశారు. ఘాతాంకం 2, 3, 5, 7 అయినప్పుడు 3, 7, 31, 127 వచ్చాయి, అన్నీ ప్రధాన సంఖ్యలే. ఆ ఊపులో 11 దగ్గర ఎవరూ ఆగలేదు. కానీ 23 × 89 = 2047. హుడాల్రికస్ రెగియస్ అనే గణితజ్ఞుడు 1536లోనే దీన్ని విడగొట్టి చూపించాడు.

ఘాతాంకం సంయుక్త సంఖ్య అయితే వచ్చేదీ సంయుక్తమే, ఇది ఖాయం. ఘాతాంకం ప్రధాన సంఖ్య అయితే వచ్చేది ప్రధానం కావచ్చు, కాకపోవచ్చు. మొదటి మాట నుంచి రెండోదాన్ని లాగకండి. ఈ తప్పు నన్ను ఎందుకింత విసిగిస్తుందంటే, ఇది బయటపడదు. 1 నుంచి 1024 వరకు 2 ఘాతాల మొత్తం 2047; 2047ను ప్రధానం అనుకుంటే దాని కారణాంకాలు 1, 2047 మాత్రమే, మొత్తం 2048. అప్పుడు కారణాంకాల మొత్తం 2047 × 2048 = 41,92,256, అంటే సంఖ్యకు సరిగ్గా రెట్టింపు. లెక్క అంత నున్నగా కుదిరాక అనుమానం ఎందుకొస్తుంది? నిజానికి 2048 బదులు (1 + 23) × (1 + 89) రావాలి, కాబట్టి అసలు మొత్తం 2047 × 24 × 90 = 44,21,520. అందులోంచి సంఖ్యను తీసేస్తే 23,25,392. సంఖ్య కన్నా ఎక్కువే ఉంది, కాబట్టి ఇది అధిక సంఖ్య.

ఇప్పుడు 3,35,50,336. 2తో పన్నెండుసార్లు పోతుంది, 8191 మిగులుతుంది. అంటే 2¹³ − 1. ప్రధానమేనా? వర్గమూలం 90 పైచిలుకు, అంతలోపు ప్రధాన సంఖ్యలు 24 ఉన్నాయి. అన్నిటితో భాగించే ఓపిక నాకు లేదు. నా దారి ఇది: ఘాతాంకం బేసి ప్రధాన సంఖ్య అయినప్పుడు, ఇలాంటి సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఘాతాంకం రెట్టింపుకు గుణిజం కన్నా 1 ఎక్కువ ఉండాలి. ఇది ఫెర్మా చిన్న సిద్ధాంతం నుంచి వస్తుంది, రుజువు ఏడో పాఠంలో. ఇక్కడ రెట్టింపు 26 కాబట్టి చూడాల్సినవి 27, 53, 79. 27 ప్రధానం కాదు. 53తో శేషం 29, 79తో శేషం 54. అయిపోయింది, 8191 ప్రధాన సంఖ్యే. 2047 మీద ఇదే వాడి ఉంటే మొట్టమొదటి 23 దగ్గరే దొరికిపోయేది.

కారణాంకాలు 26. వాటి మొత్తం 8191 × 8192 = 6,71,00,672, మన సంఖ్యకు రెట్టింపు. 6, 28, 496, 8128 తర్వాత ఐదో పరిపూర్ణ సంఖ్య ఇదే. మొదటి నాలుగింటికి వరసగా 1, 2, 3, 4 అంకెలు ఉన్నాయి కదా, దీనికి 5 ఉంటాయనుకుంటే ఏకంగా 8 ఉన్నాయి. 1 నుంచి 8191 వరకు అన్నీ కూడినా ఇదే వస్తుంది కాబట్టి త్రిభుజ సంఖ్య కూడా. నాకు బాగా నచ్చేది దీని ద్విసంఖ్యామాన రూపం, అంటే 0, 1 మాత్రమే వాడి రాసేది: పదమూడు ఒకట్లు, వెనకాల పన్నెండు సున్నాలు.

అభ్యాసం: 2¹⁷ − 1 = 1,31,071 ప్రధానమా? నాలుగంటే నాలుగే భాగహారాలు పడతాయి, ఆ నాలుగు ఏవో ముందు రాయండి. తర్వాత 2²³ − 1 = 83,88,607. క్యాలిక్యులేటర్ వద్దు, శేషాలన్నీ కాగితం మీద కనపడాలి.