ఓపెన్‌స్కాడ్ స్వయంశిక్షణ – 3వ పాఠం: దీర్ఘచతురస్రం, వృత్తం, బహుభుజి

గత రెండు పాఠాలలో, ఆజ్ఞలు రాసి ఆకారాలు తయారుచేసే ప్రోగ్రాం అయిన ఓపెన్‌స్కాడ్‌ను కంప్యూటర్‌లో ఎక్కించుకోవడం, ఎడమవైపు ఎడిటర్‌లో ఆజ్ఞ రాసి ఎఫ్5 నొక్కి కుడివైపు బొమ్మ చూడడం నేర్చుకున్నాము. ఈ పాఠమంతా మందం లేని సమతల ఆకారాల గురించే. పాఠంలో ఆజ్ఞలను తెలుగు లిపిలో అచ్చువేస్తున్నాము. మీరు మాత్రం వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలలోనే టైపు చేయాలి. పెద్ద అక్షరం ఒక్కటి పడినా ప్రోగ్రాం ఆ ఆజ్ఞను గుర్తించదు.

ముందుగా ఈ ఒక్క వాక్యం రాసి ఎఫ్5 నొక్కండి.

స్క్వేర్([60, 30]);

ఎక్స్ అక్షం వెంట 60, వై అక్షం వెంట 30 ఉన్న దీర్ఘచతురస్రం వస్తుంది. దాని ఎడమ కింది మూల మూలబిందువు (0, 0) మీద ఉంటుంది. దీర్ఘచతురస్రం మధ్యభాగం మూలబిందువు మీదకు రావాలంటే కొలతల తరువాత కామా పెట్టి సెంటర్=ట్రూ అని చేర్చాలి. వృత్తానికి ఇలా చెప్పనక్కరలేదు, దాని కేంద్రం ఎప్పుడూ మూలబిందువే. ఈ తేడాను మొదటే గుర్తుంచుకోకపోతే, రెండు ఆకారాలను కలిపినప్పుడు ఒకటి పక్కకు జరిగినట్టు కనబడి తికమక పెడుతుంది. ఎఫ్5 నొక్కితే వచ్చే ప్రివ్యూలో ఈ ఆకారాలు ఒక యూనిట్ మందంతో పలకల్లా కనిపిస్తాయి, అది కంటికి ఆనడం కోసం చూపే మందం మాత్రమే.

ఇక వృత్తం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగడం అవసరం, ఎందుకంటే ఓపెన్‌స్కాడ్‌లో నిజమైన వృత్తం లేదు. సర్కిల్ అనే ఆజ్ఞ గీసేది ఒక క్రమ బహుభుజిని. దాని శీర్షాలు మనమిచ్చిన వ్యాసార్ధం మీద ఉంటాయి, శీర్షాల మధ్య సరళరేఖలుంటాయి. ఎన్ని భుజాలు ఉండాలో మనం చెప్పకపోతే ప్రోగ్రామే రెండు పరిమితులను చూసి నిర్ణయిస్తుంది. ఒక్కో భుజం కేంద్రం వద్ద చేసే కోణం 12 డిగ్రీలకు తగ్గకూడదన్నది మొదటిది. భుజం పొడవు సుమారు 2 యూనిట్లకు తగ్గకూడదన్నది రెండవది. ఈ రెండింటిలో ఏది తక్కువ భుజాలు ఇస్తే దానినే తీసుకుంటుంది, అయితే అయిదు భుజాలకంటే కిందకు మాత్రం దిగదు. వ్యాసార్ధం 10 అయితే చుట్టుకొలత దాదాపు 62.8 కాబట్టి పొడవు పరిమితి 32 భుజాలకు ఒప్పుకుంటుంది, కోణం పరిమితి 30 దగ్గరే ఆపుతుంది. వచ్చేది 30 భుజాల ఆకారం. వ్యాసార్ధం 1 ఇచ్చి చూడండి, తెర మీద పంచభుజి కనబడుతుంది.

దీనివల్ల అందానికే కాదు, కొలతకూ నష్టం ఉంది. 4 మిల్లీమీటర్ల మర పట్టే రంధ్రం కోసం సర్కిల్(ఆర్=2); అని రాశామనుకోండి (ఆర్ అంటే వ్యాసార్ధం). పై లెక్క ప్రకారం అది సప్తభుజి అవుతుంది. కేంద్రం నుండి శీర్షానికి దూరం 2 ఉన్నా, భుజం మధ్యకు దూరం 2ను 180/7 డిగ్రీల కొసైన్‌తో గుణించినంత, అంటే దాదాపు 1.8 మాత్రమే. ఆ రంధ్రంలో 3.6 మిల్లీమీటర్ల కడ్డీయే పడుతుంది, మర పట్టదు. అందుచేత ఫైలు మొదటి వరుసలోనే $ఎఫ్ఎన్ = 64; అని రాసుకోవడం మంచి అలవాటు. అప్పుడు ప్రతి వృత్తానికీ 64 భుజాలు వస్తాయి, ఇదే రంధ్రంలో లోటు వ్యాసార్ధం మీద 0.0024కు పడిపోతుంది. ఇంకా పెంచి వెయ్యి పెట్టవచ్చు కదా అంటే, పెట్టవచ్చు. కానీ పనిలో తేడా తెలియదు, తరువాతి పాఠాలలో ఆకారాలకు మందం ఇచ్చినప్పుడు మాత్రం రెండర్, అంటే ఆకారాన్ని పూర్తిగా లెక్కకట్టే పని, చాలా నెమ్మదిస్తుంది.

ఇదే గుణం మనకు ఉపయోగపడే చోటూ ఉంది. $ఎఫ్ఎన్ విలువను ఒక్క ఆజ్ఞకు మాత్రమే 6 అని ఇస్తే వృత్తం షడ్భుజి అవుతుంది, అంటే నట్టు ఆకారం. ఎం8 నట్టుకు, అంటే 8 మిల్లీమీటర్ల మరకు పట్టే నట్టుకు, ఎదురెదురు భుజాల మధ్య దూరం 13 మిల్లీమీటర్లు. మనం ఇవ్వవలసినది శీర్షం దాకా ఉన్న వ్యాసార్ధం గనుక, 6.5ను 30 డిగ్రీల కొసైన్‌తో భాగించాలి, సుమారు 7.506 వస్తుంది. ఈ భాగహారాన్ని చేత్తో చేసి అంకె రాయకండి, సూత్రాన్నే ఆజ్ఞలో రాయండి. రేపు ఎం10 నట్టు కావలసి వచ్చినప్పుడు ఏ అంకె ఎక్కడి నుండి వచ్చిందో వెతుక్కోనక్కరలేదు. ఓపెన్‌స్కాడ్‌లో కొసైన్ డిగ్రీలనే తీసుకుంటుంది, రేడియన్లలోకి మార్చే పని లేదు.

ఇప్పుడు వీటిని కలిపి ఒక పలక గీద్దాము.

$ఎఫ్ఎన్ = 64;
డిఫరెన్స్() {
  ఆఫ్‌సెట్(ఆర్=4) స్క్వేర్([52, 22], సెంటర్=ట్రూ);
  సర్కిల్(ఆర్=6.5/కాస్(30), $ఎఫ్ఎన్=6);
  ట్రాన్స్‌లేట్([22, 0]) సర్కిల్(ఆర్=2);
  ట్రాన్స్‌లేట్([-22, 0]) సర్కిల్(ఆర్=2);
}

డిఫరెన్స్ తన మీసాల బ్రాకెట్లలోని మొదటి ఆకారాన్ని ఉంచుకొని, మిగిలినవన్నీ దానిలోనుండి తీసివేస్తుంది. కాబట్టి వరుస మారితే ఫలితమూ మారుతుంది. ఆఫ్‌సెట్ ఆకారాన్ని అన్ని వైపులా 4 యూనిట్లు పెంచి మూలలను గుండ్రం చేస్తుంది, అందుకే 60, 30 పలక కోసం 52, 22తో మొదలుపెట్టాము. ట్రాన్స్‌లేట్ తన వెంటనే వచ్చే ఆకారాన్ని జరుపుతుంది. దానికీ సర్కిల్‌కూ మధ్య సెమికోలన్ పెట్టకూడదు. పెడితే జరపడం అక్కడే ముగిసిపోయి, వృత్తం మూలబిందువు దగ్గరే ఉండిపోతుంది. ఈ ఫైలులో రంధ్రం కనబడకుండా పోతే ముందుగా ఈ చోటే చూడండి, ఎందుకంటే అలా మిగిలిన చిన్న వృత్తం మధ్యలోని షడ్భుజి ఖాళీలోనే పడి కలిసిపోతుంది.

ఈ అచ్చుల్లో ఇమడని ఆకారాలకు పాలిగన్ ఉంది. శీర్షాల నిరూపకాలను వరుసగా ఇస్తే చాలు, చివరి శీర్షాన్ని మొదటిదానితో ప్రోగ్రామే కలుపుతుంది. చుట్టూ ఒకే దిశలో నడిచే వరుసలో ఇవ్వండి. వరుస తప్పితే భుజాలు ఒకదానినొకటి దాటుకొని, మీరు కోరని ఆకారం వస్తుంది.

పాలిగన్([[0, 0], [40, 0], [0, 30]]);

ఇది 30, 40, 50 భుజాల లంబకోణ త్రిభుజం.

గీసిన పలకను లేజర్ కోతకు పంపాలంటే ఎఫ్6 నొక్కి పూర్తి రెండర్ అయ్యాక, ఫైలు మెనూలో ఎగుమతి కింద ఎస్‌వీజీ గాని డీఎక్స్‌ఎఫ్ గాని (రెండూ గీతల బొమ్మలను దాచే ఫైలు రకాలే) ఎంచుకోండి. ఎస్‌వీజీలో మీ యూనిట్లు మిల్లీమీటర్లుగా నమోదవుతాయి.

అభ్యాసం: పై త్రిభుజంలో నుండి (10, 10) కేంద్రంగా, 10 వ్యాసార్ధంతో, 64 భుజాల వృత్తాన్ని తీసివేయండి. లెక్క ప్రకారం అది త్రిభుజపు అంతర్వృత్తం, మూడు భుజాలనూ తాకాలి. కానీ నిలువు, అడ్డ భుజాలను మాత్రమే తాకి, కర్ణం దగ్గర సన్నని పట్టీని వదులుతుంది. 64 శీర్షాలలో మొదటిది ఎక్స్ అక్షం దిశలో, అంటే 0 డిగ్రీల వద్ద ఉంటుందని గుర్తుపెట్టుకొని, ఆ పట్టీ ఎందుకు మిగిలిందో, అతి సన్నని చోట దాని వెడల్పు ఎంతో కాగితం మీద కట్టండి. జవాబును 4వ పాఠం మొదట్లో చూసి, ఆ తరువాత ఈ ఆకారాలకు మందం ఇవ్వడం మొదలుపెడదాము.